మంచె కట్టాలంటే మన్ను కావాలి

ఈ సంచికకు వ్యాసం కావాలని విద్యార్థి సంఘం కార్యదర్శి ఫోను చేసినప్పుడు, "సమాజానికి ఉపయోగపడేది ఏదైనా రాయండి సార్. పాత విద్యార్థులు రాస్తే నిండుగా వుంటుంది" అన్నాడు. నిరుద్యోగం మీద రాయనా, కృత్రిమ మేధ మీద రాయనా అని రెండు రోజులు ఆలోచించాను. చివరికి "పిల్లలకు చెట్టు దగ్గర మంచె కట్టడం గురించి రాస్తాను" అని చెప్పాను. అవతల కాసేపు చప్పుడు లేదు. "హాస్య వ్యాసమా సార్?" అని అడిగాడు.

కాదు. హాస్యం ఎంతమాత్రం కాదు. పిల్లవాడు ఎక్కడానికి ఒక చెట్టు, ఆ చెట్టు నిలబడడానికి ఇంత మన్ను - ఈ రెండూ దొరకని చోటును నగరం అనవచ్చునా అన్నదే నా ప్రశ్న.

నేను ఇరవై ఏళ్ళుగా హైదరాబాదుకు పడమటి దిక్కున, మాదాపూరు, కొండాపూరు, గచ్చిబౌలి ప్రాంతాల్లో కాపురం వుంటున్నాను. 1998 నవంబరులో అప్పటి ప్రధాని వాజపేయి గారు అక్కడ సైబర్ టవర్సును ప్రారంభించారు. 2001లో సైబరాబాదు అభివృద్ధి సంస్థ ఏర్పడింది. అంతకు ముందు అక్కడ వున్నవి గుట్టలు, బండలు, కంచెలు, చెరువులు. ఆ టవర్ల వల్ల నాలాంటి వాళ్ళెందరికో అన్నం దొరికింది. కాదనను. తిన్న ఇంటి వాసాలు లెక్కపెట్టడం నా వుద్దేశం కాదు. అయితే పాలు, మందులు, ఫోను ఛార్జరు పది నిమిషాల్లో ఇంటి ముందుకు వచ్చే ఆ ప్రాంతంలో, ఏడేళ్ళ పిల్ల ఎక్కి కూర్చోవడానికి ఒక కొమ్మ దొరకడం గగనమైపోయింది. ఈ లోటు ఎవరికీ లోటుగా కనబడకపోవడమే నా బాధ.

చెట్టు మీద ఇల్లు అనగానే కొందరు మిత్రులు "అది అమెరికా వాళ్ళ సరదా" అంటారు. సినిమాల్లో చూసి అలా అనుకుంటారు. నిజానికి అది మనకు కొత్తదా? జొన్న కంకి వేసే వేళకు మంచె లేని చేను వుండేదా? నాలుగు గుంజలు పాతి, అడ్డకర్రలు వేసి, పైన ఇంత సొప్ప కప్పి, వడిసెల పట్టుకొని పిట్టల్ని తోలుతూ కూర్చున్న వాళ్ళలో పిల్లలు ఎందరు! కోతికొమ్మచ్చి ఆటను మనం ఏ దేశం నుంచి దిగుమతి చేసుకున్నాం? ముళ్ళపూడి వెంకటరమణ గారు తన ఆత్మకథకు ఆ ఆట పేరే పెట్టుకున్నారంటే, తెలుగువాడి బాల్యానికి చెట్టెక్కడం ఎంత దగ్గరిదో వేరే చెప్పాలా? పొగిడి బోల్తా కొట్టించడాన్ని మనం "మునగచెట్టు ఎక్కించడం" అంటాం. మునగ కొమ్మ పెళుసు, ఎక్కితే విరుగుతుంది. ఏ చెట్టు ఎక్కవచ్చునో, ఏది ఎక్కరాదో ఒళ్ళు తెలిసిన జాతికే ఇలాంటి నుడికారం పుడుతుంది. ఇప్పటి పిల్లలకు ఆ నుడికారం పాఠంలో వుంది. చెట్టు మాత్రం లేదు.

ఇక నా అనుభవం చెబుతాను.

2014లో కొండాపూరులో ఒక పాత లేఅవుటులో అద్దె ఇల్లు దొరికింది. రెండు గదులు, పైన డాబా, వెనకాల పెరడు. పెరట్లో ఒక వేపచెట్టు. ఇల్లు కట్టిన కొత్తలో ఇంటివాళ్ళు నాటారట. 2016 వేసవిలో మా అమ్మాయికి ఏడేళ్ళు. బడికి సెలవులు. పొద్దస్తమానం చేతిలో ఫోను. మా నాన్న పాలమూరు నుంచి వచ్చి మా దగ్గర కొన్నాళ్ళు వున్నాడు. మనవరాలి చేతిలో ఫోను చూసి ఆయన ఏమీ అనలేదు. మూడోనాడు పొద్దున వేపచెట్టు చుట్టూ ఒకసారి తిరిగి, మొదలును అరచేత్తో తట్టి, "బిడ్డా, ఈడ మంచె కడ్తె బాగుంటది గద" అన్నాడు.

నేను ఇంజనీర్ని. వెంటనే కాగితం తీసి బొమ్మ గీశాను. మొదలు చుట్టూ ఇనుప పట్టీ బిగించి, దాని మీద చెక్కలు పరచాలని నా పథకం. నాన్న ఆ బొమ్మ చూసి నవ్వాడు. "గట్ల బిగిస్తే చెట్టు గొంతు పిసికినట్టే. అది ఏడాదేడాదికి లావైతది. నీ పట్టీ లావైతదా?" అన్నాడు.

ఆ ఒక్క మాటలో వృక్షశాస్త్రం ఎంత వుందో తరవాత చదివి తెలుసుకున్నాను. ఆకుల్లో తయారైన ఆహారం బెరడు లోపలి పొర గుండానే వేళ్ళకు దిగుతుంది. ఆ పొరను ఆనుకొనే చెట్టును లావు చేసే పలచని కణజాలం వుంటుంది. తీగ గానీ, పట్టీ గానీ చుట్టూ బిగిస్తే ఏళ్ళు గడిచేకొద్దీ అది బెరడులోకి దిగబడి ఆ దారిని మూసేస్తుంది. వేళ్ళు పస్తులుంటాయి. చెట్టు నిలువునా ఎండుతుంది. దానికన్నా ఒక్కచోట దిగిన లావుపాటి బోల్టే నయం. ఆ గాయాన్ని చెట్టు తనలో తాను కట్టడి చేసుకోగలదు. పాశ్చాత్య దేశాల్లో ఈ పనిని వృత్తిగా చేసేవాళ్ళు అందుకే కొద్దిపాటి పెద్ద బోల్టుల మీద భారం మోపుతారు. మన రైతు ఇంకో ఆకు ఎక్కువ చదివినవాడు. చెట్టు మీద బరువే పెట్టడు. మంచెను దాని గుంజల మీద అది నిలబడేటట్టు కడతాడు. పక్కన చెట్టుంటే దాన్ని నీడ మాత్రమే అడుగుతాడు.

మేమూ అలాగే కట్టాం. పక్క వీధిలో పెద్ద భవనం ఒకటి లేస్తోంది. అక్కడి సెంట్రింగ్ మేస్త్రీ మా పాలమూరు వాడే. దేశమంతా తిరిగి ఆనకట్టలు కట్టిన, కాలువలు తవ్విన పాలమూరు లేబరు సంతతి. ఆదివారం నాడు వచ్చి, "పెదనాయినా, గుంజలు రెండడుగులన్న దిగాలె. లేకుంటె పిల్లలు దుంకుతాంటె ఊగుతది" అని చెప్పి తానే గడ్డపార పట్టాడు. నాలుగు సర్వి గుంజలు, పాత సెంట్రింగ్ చెక్కలు, నట్లు, బోల్టులు. నేల నుంచి ఆరడుగుల ఎత్తు. చుట్టూ మూడడుగుల కర్రల అడ్డు. చెట్టు గాలికి వూగాలి, ఏటా లావెక్కాలి కదా; అందుకని మొదలుకూ చెక్కలకూ మధ్య నాలుగు వేళ్ళ సందు. ఎక్కడానికి ఒక నిచ్చెన. కింద రాళ్ళు ఏరేసి ఇసుక పోశాం. రెండు ఆదివారాలు పట్టింది. ఖర్చు ఆరు వేలు దాటలేదు.

మొదటి వారం మా అమ్మాయి ఒక్కతే ఎక్కింది. రెండో వారానికి వీధి పిల్లలు వచ్చారు. మూడో వారానికి మేస్త్రీ పిల్లలిద్దరు, వాళ్ళ వెంట రేకుల షెడ్లలో వుండే మరో నలుగురు. తండ్రులు పదిహేనో అంతస్తులో పనిచేసే ఆ పిల్లలకు ఎత్తు గురించి నేను చెప్పేదేముంది? వాళ్ళే మా అమ్మాయికి నేర్పారు. ఏ కొమ్మ మీద కాలు ఎక్కడ పెట్టాలి, రెండు చేతులూ ఒకేసారి ఎందుకు వదలకూడదు, దిగేటప్పుడు ముఖం చెట్టువైపు ఎందుకు వుండాలి - అన్నీ. అప్పటిదాకా మా అమ్మాయికి వాళ్ళు గేటు బయట కనిపించే పిల్లలు. మంచె ఎక్కాక పేర్లున్న పిల్లలయ్యారు. తగువులాడుకున్నారు. చట్టాలు చేసుకున్నారు. "చెప్పులు రావద్దు", "పెద్దోళ్ళు రావద్దు", "ఉడత వచ్చినప్పుడు మాట్లాడొద్దు" అని సుద్దముక్కతో చెక్క మీద రాశారు. వాటికి సవరణలు కూడా జరిగాయి. మన విద్యార్థి సంఘం నిబంధనావళి కన్నా అవి బాగా అమలయ్యాయని అంటే కార్యదర్శి కోపగించుకోకూడదు!

దెబ్బలు తగల్లేదా అంటే, తగిలాయి. ఒక బాబుకు మోచెయ్యి గీరుకుపోయింది. మా అమ్మాయికి జారి చీలమండ బెణికింది. పది రోజులు కుంటింది. పదకొండో రోజు మళ్ళీ ఎక్కింది. ఈసారి నిచ్చెన మెట్టును చేత్తో కదిపి చూసి మరీ ఎక్కింది. ఆ చూడడం నేను నేర్పింది కాదు. ఏ బడీ నేర్పింది కాదు.

2019లో ఇంటివాళ్ళు ఆ స్థలాన్ని డెవలప్‌మెంటుకు ఇచ్చారు. ఈ మాటకు అర్థం తెలియని హైదరాబాదు వాడు వుండడు. ఇల్లు పడగొట్టి, బిల్డరు అంతస్తులు లేపి, ఫ్లాట్లు పంచుకోవడం. స్థలం వాళ్ళది, అవసరం వాళ్ళది. వాళ్ళను తప్పు పట్టను. మేము ఖాళీ చేసిన వారానికి అటు వెళ్ళి చూస్తే వేపచెట్టు మొదలు లారీలో వుంది. మా అమ్మాయి కారు దిగలేదు.

చెట్టు కొట్టాలంటే అనుమతి తీసుకోవాలని 2002 నాటి వాల్టా చట్టం చెబుతోంది. అనుమతి వుందా అని నేను అడగలేదు. ఎందుకు అడగలేదు? అప్పటికే నేను ఒక గేటెడ్ కమ్యూనిటీలో పద్నాలుగో అంతస్తు ఫ్లాటుకు అడ్వాన్సు కట్టి వున్నాను. దాని పునాది కింద ఎన్ని చెట్లు పోయాయో, అవి ఎవరి పిల్లలు ఎక్కిన చెట్లో నేను ఎన్నడైనా అడిగానా? మరి ఇంకొకరిని నిలదీసే నోరు నాకెక్కడిది? ఈ వ్యాసంలో నేను ఎవరివైపైనా వేలెత్తి చూపితే, మిగతా వేళ్ళు నా వైపే వున్నాయని పాఠకులు గ్రహించాలి.

కొత్త చోట పిల్లల ఆటస్థలం వుంది. రంగురంగుల రబ్బరు నేల. దాని నడుమ ఒక సిమెంటు చెట్టు. బెరడులాగా గీతలు గీసి గోధుమరంగు వేశారు. పైన ప్లాస్టిక్కు గూడు, దాన్నుంచి ఒక జారుడుబల్ల. బ్రోచరులో దాని పేరు "ట్రీ హౌస్". మా అమ్మాయి దాని చుట్టూ ఒకసారి తిరిగి, అచ్చం వాళ్ళ తాతలాగే అరచేత్తో తట్టి, "నాన్నా, దీనికి చీమలు ఎందుకు లేవు?" అని అడిగింది.

అప్పుడు నవ్వి వూరుకున్నాను. జవాబు ఇప్పుడు చెబుతున్నాను. చీమలు ఎందుకు లేవంటే, అది చెట్టు కాదు గనుక. అక్కడ చెట్టు ఎందుకు లేదంటే, కింద నేల లేదు గనుక. కార్ల కోసం స్థలాన్ని ఇంచుమించు ఈ ప్రహరీ నుంచి ఆ ప్రహరీ దాకా తవ్వి, సెల్లారు మీద సెల్లారు కట్టి, పైన స్లాబు వేశారు. మేము పచ్చిక అని నడిచేది ఆ స్లాబు మీద పరచిన రెండు మూడడుగుల మన్ను. అందులో గడ్డి పెరుగుతుంది, పూలమొక్కలు పెరుగుతాయి. మనుషుల బరువు మోసే వేప గానీ, చింత గానీ, మామిడి గానీ నాలుగు కాలాలు నిలవవు. కాస్త లావెక్కగానే వేళ్ళు దిగి స్లాబు కారుతుందని కొట్టించేస్తారు. 2012 నాటి భవన నిర్మాణ నియమాలు పెద్ద స్థలాల్లో పిల్లల ఆటలకు కొంత జాగా వదలమన్నాయి. దాన్ని "టాట్ లాట్" అంటారు. చాలా మంచిది. అయితే పిల్లల జాగాకు పైన ఆకాశం వుంటే చాలునా? కింద భూమి వుండవద్దా?

నా వాదమంతా ఇక్కడే వుంది. పిల్లలకు మంచె కట్టడం వడ్రంగి సమస్య కాదు, మన్ను సమస్య. చెక్కలూ బోల్టులూ పొద్దున అడిగితే సాయంత్రానికి వస్తాయి. పాతికేళ్ళ వేపచెట్టును ఏ కంపెనీ తెచ్చి ఇస్తుంది?

దీనికి వచ్చే అభ్యంతరాలు నాకు తెలుసు. మా అసోసియేషన్ సమావేశంలో ఒక మూల స్లాబు లేని చోట చెట్టు పెంచి మంచె కడదామని నేను ప్రస్తావించినప్పుడు అన్నీ విన్నాను.

మొదటిది ప్రమాదం. పడితే ఎవరు బాధ్యులు? న్యాయమైన ప్రశ్నే. కాని ప్రమాదమే లేని ఆట ఆటేనా? 1943లో, డెన్మార్కు జర్మనీ ఆక్రమణలో వున్న రోజుల్లో, కోపెన్‌హేగెన్ పక్కన ఎమ్‌డ్రప్ అనే చోట పిల్లలకు ఒక ఆటస్థలం ఇచ్చారు. అందులో వుయ్యాలలూ లేవు, జారుడుబల్లలూ లేవు. పాత చెక్కలు, ఇటుకలు, పనిముట్లు, మన్ను. సోరెన్సెన్ అనే ఉద్యాన శిల్పి ఆలోచన అది. ముచ్చటగా కట్టించిన పార్కుల కన్నా భవనాలు కట్టే చోట పడివున్న సామాను మీదే పిల్లలకు మోజు అని ఆయన గమనించాడు. యుద్ధం తరవాత లేడీ అలెన్ ఆ పద్ధతిని బ్రిటన్‌కు తెచ్చింది. బాంబుల దెబ్బలు తిన్న దేశాలు తమ పిల్లల చేతికి సుత్తి ఇవ్వడానికి భయపడలేదు. మనం ఆరడుగుల మంచెకు భయపడుతున్నాం. ఆటను పిల్లల హక్కుగా చెప్పే 1989 నాటి ఐక్యరాజ్యసమితి బాలల ఒడంబడికలో మన దేశం 1992లో చేరింది. ఆట అంటే రబ్బరు నేల మీద వరసలో నిలబడి జారడమేనని ఆ ఒడంబడికలో లేదు.

రెండోది చెట్టుకు హాని. ఇది చెప్పినవారిని నేను గౌరవిస్తాను. మా జిల్లా పిల్లలమర్రి కథ అందరికీ తెలిసిందే. ఏడు వందల ఏళ్ళదని చెప్పుకునే ఆ మహావృక్షానికి చెదలు పట్టి, ఒక పెద్ద కొమ్మ విరిగిపడి, 2017 డిసెంబరులో సందర్శకులను ఆపవలసి వచ్చింది. 2018లో రోగికి పెట్టినట్టు సెలైను సీసాలతో మందు ఎక్కించారు. చెట్టు దేవుడు కాదు, దానికీ రోగం వస్తుంది. కాబట్టి చెట్టు మీద భారం వేయకుండా గుంజల మీద కట్టాలి, ఏటా వానలకు ముందు కొమ్మలు చూసుకోవాలి, పుచ్చినట్టు కనబడితే మంచె దించేయాలి. ఇదంతా పెద్దవాళ్ళు చేయగల పనే.

మూడో అభ్యంతరం సమావేశంలో ఎవరూ పైకి అనలేదు. లిఫ్టులో ఒకాయన నా చెవిలో అన్నాడు. "మంచె కడితే పనివాళ్ళ పిల్లలు కూడా ఎక్కుతారండీ." అవును, ఎక్కుతారు. ఎక్కాలనే నేను కోరుతున్నాను. మన ఇళ్ళు కట్టినవాళ్ళ పిల్లలకు మన చెట్టు కింద చోటు లేకపోతే, ఆ చెట్టు వుండి ఎవరికి లాభం?

చెట్టెక్కడం పిల్లకాయల సరదా అని తీసిపారేసేవారికి హైదరాబాదు చరిత్రే జవాబు చెబుతుంది. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి వేలమందిని పొట్టన పెట్టుకున్నప్పుడు, ఇప్పటి ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో వున్న ఒక చింతచెట్టు ఎక్కి సుమారు నూటయాభై మంది బతికి బయటపడ్డారు. ఆనాడు ఆ చోట సిమెంటు చెట్టు వుండి వుంటే ఏమయ్యేది?

మొన్నటి సంగతి చూడండి. 2025 మార్చి ఆఖరులో కంచ గచ్చిబౌలిలో నాలుగు వందల ఎకరాల్లోకి బుల్డోజర్లు దిగినప్పుడు, 1974లో ఏర్పడిన హైదరాబాదు కేంద్రీయ విశ్వవిద్యాలయం విద్యార్థులు అడ్డం నిలబడ్డారు. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు పనులు ఆపమన్నది. అప్పటికే సుమారు వంద ఎకరాల్లో చెట్టూ చేమా పోయాయి. ఆ భూమి ఎవరిదన్న వివాదం జోలికి నేను పోను. అది న్యాయస్థానాల పని. నేను చూసింది ఒక్కటే. పెరట్లో ఒక్క వేపచెట్టు కోసం నేను తెరవని నోటిని, ఆ పిల్లలు అడవి కోసం తెరిచారు. నాకన్నా వాళ్ళు నయం. అందుకే ఈ వ్యాసం పెద్దల పత్రికకు కాక విద్యార్థుల సంచికకు రాస్తున్నాను.

విద్యార్థి మిత్రులారా! మీలో చాలామంది రేపు ఆ టవర్లలోకే వస్తారు. ఫ్లాట్లు కొంటారు. కొనేటప్పుడు ఈతకొలను వుందా, జిమ్ము వుందా అని అడుగుతారు. దాంతో పాటు ఇంకొక్క ప్రశ్న అడగండి: "ఈ ఆవరణలో సెల్లారు లేని నేల ఎంత వుంది?" కొనేవాళ్ళు పదిమంది అడిగితే బిల్డరు ఒక మూల వదిలిపెడతాడు. వున్న పాత చెట్లను ప్లానులో చూపించమనండి. చెట్టు చుట్టూ ఇల్లు కట్టుకోవడం మన పెద్దలకు చేతనయింది, మన ఆర్కిటెక్టులకు చేతకాదా? సివిల్ ఇంజనీరింగు చదివేవారికి ఇది చిన్న లెక్క.

అంతవరకు ఆగనక్కరలేదు కూడా. మన కళాశాల ఆవరణలో మంచి చెట్లు వున్నాయి. ఇక్కడ పనిచేసే సిబ్బంది పిల్లలు సాయంకాలాలు కారిడార్లలో ఆడుకోవడం మనం రోజూ చూస్తూనే వున్నాం. మన జాతీయ సేవా పథకం వాళ్ళు రెండు ఆదివారాలు కేటాయిస్తే వాళ్ళకు ఒక మంచె అవుతుంది. సర్వి గుంజల ఖర్చు నేను పెట్టుకుంటాను. గడ్డపార మీరు పట్టాలి. ప్రిన్సిపాలు గారు అనుమతి ఇస్తారని ఆశిస్తున్నాను.

మా అమ్మాయి ఇప్పుడు కాలేజీకి వచ్చింది. తనకిక మంచె అక్కర్లేదు. వచ్చే వానాకాలంలో నాటిన వేప కూడా పిల్లలు ఎక్కేంత గట్టిపడడానికి పదిహేను ఇరవై ఏళ్ళు పడుతుంది. అంటే అది ఈ సంచిక చదివే మీ పిల్లలకు అందుతుంది. మా తరం మీకు సిమెంటు చెట్టు ఇచ్చింది. మీరు వాళ్ళకు ఏమిస్తారో, విజ్ఞులైన మీరే ఆలోచించాలి.